కనుబొమల కోసం వచ్చిన మనిషి

చర్మవైద్యంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు ఏ లేజర్ మంచిది, పైపొర ఊడదీసే ఏ పీల్ ఏ రంగు చర్మానికి పడుతుంది అని అడుగుతారు. నాకు తెలిసినంతవరకు చెప్తాను. కానీ ఈ ఉద్యోగం అసలు ఏమిటని అడిగితే మాత్రం మిషన్ల సంగతి పక్కన పెడతాను. భీమవరం వైపు నుంచి కనుబొమలు మొలిపించుకోవడానికి వచ్చిన ఒక కుర్రవాడి గురించి, వాళ్ళింట్లో వంట చేసిన ఒక ఆవిడ గురించి చెప్తాను. ఆ ఇద్దరికీ మంచి జరగలేదు. అందుకే వాళ్ళ గురించి రాస్తున్నాను. నయమైన కేసుల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఎవరొస్తారు, ఎందుకొస్తారు

కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో చాలాకాలం చేశాను. అక్కడికి గజ్జి, తామర, రోజంతా నీళ్ళలో నిలబడి ఒరుసుకుపోయిన కాలివేళ్ళు, కుష్ఠు వచ్చేవి. తొంభైల చివర్లో రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కిన్ సెంటర్లో చేరాను. అక్కడికొచ్చే జనం వేరు. మంగు మచ్చలు, మొటిమల గుంటలు, చుండ్రు, కాన్పు తర్వాత ఊడే జుట్టు, గడ్డం మధ్యలో గుండ్రంగా నున్నబడే పేనుకొరుకుడు.

వీటిలో చాలావాటికి మందు కన్నా ఓపిక ముఖ్యం. కాన్పు తర్వాత ఊడిన జుట్టు సాధారణంగా దానంతట అదే వస్తుంది. ఆ మాట చెప్పి పంపిస్తే కొందరు నొచ్చుకునేవారు, ఏమీ రాయలేదని. మంగు మచ్చలకి ఎండ తగలకుండా చూసుకోవడమే సగం వైద్యం. గొడుగు వేసుకోమంటే నవ్వేవారు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మెడికల్ షాపు క్రీము. తెల్లబడతారని చెప్పి చేతిలో పెట్టేవారు. లోపల ఉండేది స్టెరాయిడ్. మొదట్లో ముఖం తళతళలాడుతుంది. తర్వాత చర్మం ఉల్లిపొరలా పల్చబడి, ఎర్రటి నరాలు తేలి, ఎక్కడా లేని వెంట్రుకలు మొలుస్తాయి. మానేద్దామంటే ముఖం మంట పుడుతుంది. ఆ మంటకి భయపడి మళ్ళీ అదే రాస్తారు. ఇలా వచ్చిన ఆడపిల్లల్ని తిట్టే డాక్టర్లను చూశాను. మీరు తిట్టకండి. తెల్లగా లేవని వాళ్ళని ఇంట్లో ముందే తిట్టి ఉంటారు.

మా పెద్ద డాక్టరు గారు

సెంటర్ కామేశ్వరరావు గారిది. ఆయన చేతి పని చూడముచ్చటగా ఉండేది. పులిపిరి తీస్తే అక్కడ ఏదో ఉండేదని కూడా తెలిసేది కాదు. “ట్యూబులైటు కింద ఎవరి ముఖమూ చూడకమ్మా, అబద్ధం చెప్తుంది” అనేవారు. ప్రతి మనిషినీ తూర్పు కిటికీ దగ్గర నిలబెట్టి చూడటం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆయనలో ఒక్కటే లోపం. అడిగిన చోటే చూసేవారు. ముక్కు మీద మచ్చ అంటే ముక్కే చూసేవారు. “వాళ్ళు వచ్చింది దానికే కదా, మిగతాది మనకెందుకు?” అనేవారు. సోమరితనం కాదు అది, వచ్చినవాళ్ళకి ఇచ్చే మర్యాద అనుకునేవారు. అందంకోసం పనిచేసే చోట ఇది తేలిగ్గా అంటుకునే అలవాటు.

వర్మ

ఒకరోజు పొద్దున్నే కారులో తల్లీకొడుకులు వచ్చారు. తల్లి సుభద్ర గారు, కొడుకు వర్మ. చేపల చెరువులున్న కుటుంబం. భర్త పోయాక వ్యవహారమంతా ఆవిడే చూసుకునేవారు. భీమవరంలో చూపించుకుంటే తెలిసినవాళ్ళు కనపడతారని ఇంతదూరం వచ్చారు.

“వీడికి సంబంధం కుదిరిందండి,” అన్నారావిడ. “కనుబొమలు చూడండి, చివర్లు ఎలా పల్చబడిపోయాయో. ఇంకేం లేదండి.”

“దానికేముందండి,” అన్నారు కామేశ్వరరావు గారు. “తల వెనక నుంచి వెంట్రుకలు తీసి నాటేద్దాం. పెళ్ళినాటికి సర్దుకుంటుంది.”

ముందుగా ఫొటోలు తీసి పెట్టడం నా పని. వర్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఎండ ముఖం మీద పడగానే కెమెరా పక్కన పెట్టాను. నూనె రాసినట్టు మెరుస్తోంది ముఖం. చెవి తమ్మెలు దళసరిగా, బరువుగా వేలాడుతున్నాయి. కనుబొమలు బయటి సగం దాదాపు లేవు.

“ఈమధ్య ముఖంలో కళ వచ్చిందంటున్నారండి అందరూ,” అన్నారు సుభద్ర గారు వెనక నుంచి.

“ముక్కు దిబ్బడగా ఉంటుందా?” అని వర్మనడిగాను.

“ఆయ్, ఉంటుందండి. తెల్లారగట్ల మంచులో చెరువుల మీద తిరుగుతాను కదండి. ఒక్కోసారి రక్తం కూడా పడుద్ది.”

“నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోతే తెలుస్తుందా?”

అతను నా వైపు వింతగా చూశాడు. “మొన్న గట్టు మీద ఒక చెప్పు ఎక్కడో పోయిందండి. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేటప్పుడు చూసుకున్నాను. మీకెలా తెలిసిందండి?”

మోచేతి వెనక తడిమాను. అక్కడి నరం చేతికి తాడులా తగిలింది. చెవి తమ్మె మీద చిన్న గాటు పెట్టి, వచ్చిన తడిని గాజుపలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. ఎర్రటి క్రిములు చుట్టల కట్టల్లా గుంపులు గుంపులుగా ఉన్నాయి. కాకినాడలో ఎన్నోసార్లు చూసినవే. కుష్ఠు, అందులోనూ ఒళ్ళంతా పాకే రకం.

కామేశ్వరరావు గారి గదిలోకి వెళ్ళి చెప్పాను. ఆయన లేచి తలుపు వేశారు.

“ఆ మాట మన సెంటర్లో అనకమ్మా. బయట పెళ్ళికూతుళ్ళు కూర్చున్నారు.”

“నాటినా నిలవవు సార్. అసలు జబ్బు లోపల ఉంది.”

“అయితే ప్రభుత్వాసుపత్రికి పంపించెయ్. ఏం చెప్పి పంపిస్తావో నీ ఇష్టం. ఇక్కడ మాత్రం వద్దు.”

ఆయన చెడ్డవాడని నేనెప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. భయపడ్డారు, అంతే. డాక్టరు భయపడితే ఆ భయాన్ని రోగి ఇంటికి మోసుకెళ్తాడు. వర్మని నేనే చూస్తానని, మధ్యాహ్నం మిగతావాళ్ళు వెళ్ళాక రమ్మంటానని చెప్పాను. ఆయన అవునన్లేదు, కాదన్లేదు.

చెప్పిన మాట, విన్న మాట

జబ్బు పేరు చెప్పగానే సుభద్ర గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

“మా వంశంలో లేదండి.”

“వంశంతో పనిలేదండి. ఇది క్రిమి వల్ల వస్తుంది. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఇంకొకరికి అంటించే గుణం పోతుంది. ఏడాదిపాటు మానకుండా వాడితే నయమవుతుంది. పెళ్ళికి అడ్డం కాదు. కాకపోతే అమ్మాయికి చెప్పండి.”

ఇన్ని చెప్తే ఆవిడ పట్టుకున్నది ఒక్కటే.

“క్రిమి అంటే ఎవరో ఒకరి నుంచి రావాలి కదండి?”

“ఎవరి నుంచో చెప్పలేమండి. ఎన్నో ఏళ్ళ కిందట వచ్చి ఉండొచ్చు.”

ఆవిడ కాసేపు ఆలోచించారు. “మా వంటమనిషి మంగమ్మకి చేతుల మీద తెల్ల మచ్చలున్నాయండి.”

తీసుకురమ్మన్నాను. తర్వాతిసారి కారులో ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చోబెట్టి తెచ్చారు. నడివయసు మనిషి, ముఖాన పెద్ద బొట్టు, చేతులు మణికట్ల దాకా పాలలా తెల్లగా ఉన్నాయి. కుష్ఠు మచ్చయితే స్పర్శ తెలియదు. కళ్ళు మూసుకోమని దూదిపోచతో ముట్టుకుంటే ప్రతిచోటా “ఆయ్, తెలుస్తుందండి” అంది. సుభద్ర గారి ఎదురుగానే చెప్పాను.

“ఇది బొల్లి. చర్మంలో రంగు పోవడం తప్ప ఇంకేం లేదు. ఎవరికీ అంటదు. మీ అబ్బాయి జబ్బుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.”

“నాకు తెలుసండి,” అంది మంగమ్మ. “మా పిల్లలిద్దరూ ఈ చేతులతోనే తిన్నారు. వాళ్ళకేం రాలేదు.”

సుభద్ర గారు తలూపారు. విషయం అక్కడితో సరిపోయిందనుకున్నాను.

మరుసటి నెల మందులకి వచ్చినప్పుడు మంగమ్మ ఎలా ఉందని అడిగితే వర్మ నేల చూపులు చూశాడు.

“మాన్పించేశామండి,” అన్నారు సుభద్ర గారు. “అంటదన్నారు, మీ మాట కాదనను. కానీ కారెక్కి ఆస్పత్రికి ఎందుకెళ్తున్నారని ఊళ్ళో అడగడం మొదలెట్టారు. ఏదో ఒకటి చెప్పాలి కదండి.”

“ఏం చెప్పారు?”

“వంటమనిషికి బాగోలేదని చెప్పామండి.”

కొడుకు జబ్బుని ఎత్తి ఆ మనిషి నెత్తిన పెట్టారు. అది తప్పని, ఆమెని వెనక్కి పిలవమని చెప్పాను. ఆవిడ కోపగించుకోలేదు. “మీకు మా ఊరు తెలీదండి” అని మాత్రం అన్నారు.

నల్లబడటం

కుష్ఠుకి మూడు మందులు కలిపి ఇస్తాం. అందులో ఒక గోధుమరంగు గోళీ ఉంది. అది వాడుతుంటే ఒళ్ళు నల్లబడుతుంది, కొందరికి రాగి రంగు తిరుగుతుంది. మందు పూర్తయ్యాక మెల్లమెల్లగా విరుగుతుంది. ఈ సంగతి ముందే చెప్పాను. చెప్పినప్పుడు అందరూ సరేనంటారు. అద్దంలో కనపడినప్పుడే అసలు సమస్య.

పెళ్ళి దగ్గరపడుతుండగా సుభద్ర గారు ఒంటరిగా వచ్చారు.

“ఆ గోళీ ఒక్కటి ఆపేద్దామండి. పెళ్ళిపీటల మీద వీడు ఇంత నల్లగా కూర్చుంటే ఆడపెళ్ళివారు అడుగుతారండి.”

“ఆపకూడదండి. మధ్యలో మానేస్తే నరాలు దెబ్బతింటాయి. చేతులు, కళ్ళు పోతాయి. నలుపు మళ్ళీ పోతుంది కానీ పోయిన నరం రాదు.”

“ఒక్కడే కొడుకండి నాకు,” అన్నారావిడ. ఆ మాటతోనే ఆవిడ మందు మాన్పించారు. ఒక్కడే కొడుకు కాబట్టే వాడించాలని నేను అనుకున్నాను. 

ఆ తర్వాత రాలేదు. ఫోన్ చేస్తే “బానే ఉన్నాడండి, వేరేచోట చూపిస్తున్నాం” అన్నారు. ఆ వేరేచోటు మెడికల్ షాపని, నలుపు విరగడానికి ముఖానికి క్రీము రాస్తున్నాడని చాలాకాలానికి తెలిసింది. కాకినాడలో నాతో పనిచేసినాయన ఒకరు నా మాట మీద కుష్ఠు విభాగం ఉద్యోగిని మామూలు దుస్తుల్లో వాళ్ళింటికి పంపించారు. గేటు దగ్గరే ఆపి, ఇక్కడ జబ్బున్నవాళ్ళెవరూ లేరని, ఉన్న వంటామె ఎప్పుడో వెళ్ళిపోయిందని చెప్పి పంపేశారు.

పెళ్ళి జరిగింది. పీటల మీద అతను తెల్లగానే ఉన్నాడట.

పద్మజ

కొన్నేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఒక అమ్మాయి చంటిపిల్లని ఎత్తుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న మనిషిని వెంటబెట్టుకుని లోపలికి వచ్చింది. అద్దాలు తీసేదాకా వర్మని గుర్తుపట్టలేదు. కుడికన్ను మూతపడటం లేదు. నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్మింది. కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు లోపలికి ముడుచుకుపోయాయి. అరచేతిలో పెద్ద కాలిన గాయం.

“చెరువు దగ్గర ఇంజను గొట్టం పట్టుకున్నారండి,” అంది ఆ అమ్మాయి. ఆమే పద్మజ, వర్మ భార్య. “భోజనానికి కూర్చుంటే అరచెయ్యి బొబ్బలెక్కి ఉంది. ఏంటండి ఇది అంటే, ఆయన కూడా అప్పుడే చూసుకున్నారు. భీమవరంలో డాక్టరు గారు చూసి పేరు చెప్పేశారు. ఇంటికొచ్చి అడిగితే అత్తయ్య మీ దగ్గరికి వెళ్ళమన్నారు. ఇంట్లో అందరికీ తెలుసండి, నాకు తప్ప.”

గొంతు పెంచలేదు. పిల్లని ఒళ్ళో సర్దుకుని, “ముందు దీన్ని చూడండి” అంది.

పిల్లని చూశాను, ఆమెని చూశాను. ఇద్దరికీ ఏమీ లేదు. కొన్నేళ్ళు గమనించుకుంటూ ఉండమని చెప్పాను. ఆమె అప్పుడు కళ్ళు తుడుచుకుంది.

వర్మకి మళ్ళీ మందులు మొదలుపెట్టాను. కంటికి విశాఖపట్నం పంపాను, కొంచెం చూపు మాత్రం మిగిలింది. వేళ్ళు తిరిగి చాపలేకపోయాడు. ఒకరోజు అతనే అడిగాడు.

“అప్పుడు మందు మానకుండా ఉంటే చెయ్యి ఇలా అయ్యేది కాదా అండి?”

“అయ్యేది కాదనే అనుకుంటున్నాను.”

ఇలాంటప్పుడు రోగి మనసు కష్టపెట్టకుండా ఏదో ఒకటి చెప్పాలని మావాళ్ళు చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అప్పటికే ఆ ఇంట్లో అందరూ అతని మనసు కష్టపెట్టకూడదనే అన్నీ చేశారు. అతను తలూపి, ఎడమచేత్తో కుడిచేతిని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. 

కామేశ్వరరావు గారు ఒకసారి వరండాలో అతన్ని చూశారు. ఆగి, కాసేపు చూసి, గదిలోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత కనుబొమల కోసం ఎవరొచ్చినా ముందు నా గదికి పంపించేవారు.

మంగమ్మ

మందులకి వచ్చిన ఒకరోజు పద్మజ అడిగింది. “మంగమ్మ గారని మా ఇంట్లో వంట చేసేవారటండి. ఆవిడకి ఈ జబ్బుండేదని, సమయానికి పంపించేశారు కాబట్టి మా ఇల్లు బయటపడిందని ఊళ్ళో అంటారు. ఆవిడ వల్లే వచ్చిందాండి ఈయనకి?”

“ఆమెకి ఈ జబ్బు లేదమ్మా. ఎప్పుడూ లేదు. అది బొల్లి. మీ అత్తగారి ఎదురుగానే చెప్పాను.”

పద్మజ వెళ్ళేటప్పుడు మంగమ్మది ఏ ఊరని అడిగింది. నాకు తెలీదన్నాను. ఎలా కనుక్కుందో మరి, కొద్దిరోజుల తర్వాత మంగమ్మని వెంటబెట్టుకుని వచ్చింది.

మనిషి సగమయింది. చేతులు చూసి నేను కుర్చీలోంచి లేచాను. తెల్లదనం ఉన్న చోటల్లా కాలి, మాని, ముడతలుపడి బిగుసుకుపోయింది. కుడి బొటనవేలు అరచేతికి అతుక్కున్నట్టుంది.

“ఏం రాశారు?”

“నల్లజీడి గింజ రసమండి. మచ్చలు పోతాయన్నారు. ఎక్కడికెళ్ళినా చేతులు చూసి వద్దంటున్నారు. ఇవి పోతే ఎక్కడో ఒకచోట వంటకి పెట్టుకుంటారని రాశాను.”

కొత్తగా వచ్చే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. బొల్లి ఆమె చర్మానికి ఏ హానీ చెయ్యలేదు. ఆ చేతులతో ఎంతమందికో వండిపెట్టింది. చేతుల్ని కాల్చింది జనం మాట. నేను చదివిన చదువులో దానికి మందు లేదు. ఆపరేషన్ చేస్తే వేలు కొంత కదులుతుందని చెప్పాను. వద్దంది.

“అత్తయ్య రానన్నారండి,” అంది పద్మజ ఆమెతో. “అందుకే నేనొచ్చాను. క్షమించమని అడగడానికి.”

“నువ్వేం చేశావమ్మా,” అంది మంగమ్మ. “అప్పటికి నువ్వింకా ఆ ఇంటికే రాలేదు.”

నేను కూడా ఏదో ఒకటి చెప్పాలని, “మీకు ఆ జబ్బు లేదు మంగమ్మ గారూ” అన్నాను.

“నాకెందుకండి చెప్తారు? నాకు మొదట్నుంచీ తెలుసు. మా వీధిలో చెప్పండి.”

ఆదివారం పూట వెళ్ళాను. ఆకివీడు దాటాక లోపలికి ఉన్న చిన్న ఊరు. మంగమ్మ కొడుకు ఇంటి అరుగు మీద కూర్చున్నాను. వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. మంగమ్మ రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకుని, ఏది బొల్లో, ఏది కుష్ఠో, ఏది అంటుతుందో, ఏది అంటదో విడమరిచి చెప్పాను. అంటుకునే జబ్బుకి కూడా మందు ఉందని, అది వాడేవాళ్ళని వెలివెయ్యక్కర్లేదని చెప్పాను. మర్యాదగా విన్నారు. “అలాగేనండి” అన్నారు.

తర్వాత అక్కడే, అందరూ చూస్తుండగా, భోజనం పెట్టమన్నాను. మంగమ్మ ఎడమచేత్తో గరిట పట్టుకుని, కుడిచేతిని ఆనించి తనే వడ్డించింది. చిక్కుడుకాయ కూర, మామిడికాయ పప్పు. చాలా బాగుంది. మారు వడ్డించుకుని తిన్నాను. జనం తమలో తాము ఏదో అనుకుంటూ చూస్తున్నారు. పని జరిగిందనే అనుకున్నాను.

ముందు వరసలో నిలబడ్డ ఒక ముసలావిడ కొంచెం జరిగి నా దగ్గరకొచ్చింది. ఆవిడ గొంతులో వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగింది.

“డాక్టరమ్మ గారూ, మీరైతే అంటకుండా ముందే సూది వేయించుకుని వచ్చుంటారు కాబట్టి తింటున్నారు. మాకెవరు వేస్తారండి?”

అలాంటి సూది లేదని, నేనేమీ వేయించుకోలేదని చెప్పాను. ఆవిడ “అలాగేనండి” అంది. మెల్లగా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మంగమ్మ నా ఆకు తీయబోతే నేనే తీశాను.

ఆమె బతికున్నన్నాళ్ళూ ఆ వీధిలో ఎవరూ ఆమె చేతి మంచినీళ్ళు కూడా తాగలేదని తర్వాత పద్మజ చెప్పింది.